తేలిక షాట్‌కే ప్రాక్టీస్ కావాలి

మదనపల్లెలో క్లాసులయ్యాక మేం ముగ్గురం పూల్ ఆడతాం. ఒకడిది పుంగనూరు, ఇంకొకడిది కుప్పం. మొన్న నా ఏడు బంతులూ వేసేసి, పాకెట్ ముందే ఉన్న ఎనిమిదో నంబర్ నల్లబంతి మిస్ చేశా. "నిన్న ఇరగదీసినావు కదరా!" అన్నాడు కుప్పం వాడు. నిన్నటి ఆట ఇవాళ ఏమైంది?

నాకనిపించేది ఒకటే. కష్టమైన షాట్‌కి చప్పట్లు కొడతాం, తేలిక షాట్‌ని ప్రాక్టీస్ చెయ్యం. టేబుల్‌కి గంట లెక్కన కడతాం కాబట్టి టైమంతా మ్యాచ్‌లకే పోతుంది. మన పక్క బెంగళూరులో పెరిగిన పంకజ్ అద్వానీ 2003లో, 18 ఏళ్లకే ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ గెలిచాడు. తర్వాత బిలియర్డ్స్, స్నూకర్ కలిపి 20కి పైగా ప్రపంచ టైటిళ్లు. అన్ని టైటిళ్లు ఒక్క మంచి రోజుతో వస్తాయా?

తెల్లబంతి, ఇంకో బంతి, పాకెట్ ఒకే గీతలో పెట్టి 20 సార్లు కొట్టండి. ప్రతిసారీ కాళ్లు అదే చోట, గడ్డం క్యూకి సూటిగా పైన. తగిలాక తెల్లబంతి పక్కకి జరిగిందంటే మన దెబ్బ గీత తప్పినట్టే. వీడియో తీసి చూస్తే నా తప్పు దొరికింది: కొడుతూనే తల లేపేస్తున్నా. ఎన్ని పడ్డాయో ఫోన్‌లో రాసుకుంటున్నా. మొదటి రోజు 11.

ఈ శనివారం మొదటి పది నిమిషాలు మ్యాచ్ లేదు. పుంగనూరోడు ఒప్పుకున్నాడు. కుప్పం వాడే ఇంకా నవ్వుతున్నాడు.