సెటిల్ కాని కుర్రాడి ప్రేమకథ

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న రోజులవి. ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్లం. మాలో పెద్దవాడు నల్గొండ వైపు నుంచి వచ్చిన అన్న. వయసు ఇరవై తొమ్మిది. మూడుసార్లు రాసి, నాలుగోసారికి కూర్చున్నాడు. గోడకి మ్యాపు, మంచం కింద కరెంట్ అఫైర్స్ కట్టలు, సాయంత్రం ఇంటి నుంచి ఓ ఫోన్. ఆయన లోకం అంతే. యానిమే అంటే కత్తులు పట్టుకుని గాల్లో ఎగిరే బొమ్మలని ఆయన లెక్క. నేను ప్రేమకథల మాంగా చదువుతుంటే చూసి ఓ రాత్రి నవ్వాడు. "ఏంది తమ్మీ, ఆడపిల్లల బొమ్మల పుస్తకమా?" అన్నాడు.

నేనేం వాదించలేదు. తర్వాత ఓ ఆదివారం కరెంటు పోయింది. ఫోన్‌లో చార్జింగ్ లేదు. ఏం తోచక ఆ పుస్తకమే తిరగేశాడు. జపాన్ మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలి. ఆయన మనలాగే ఎడమ నుంచి మొదలెట్టి, "ముగింపు ముందుగాలనే చెప్పిండేంది?" అని విసుక్కున్నాడు. పుస్తకం తిప్పి చేతిలో పెట్టాను. అక్కడి నుంచి ఆయన ఆగలేదు. పదో రోజో, పన్నెండో రోజో, రాత్రి ఒంటిగంటకి నన్ను తట్టి లేపి మరీ అడిగాడు. "గా పిలగానికి నౌకరీ దొరుకుతదా, లేదా?"

ఆ అమ్మాయి ఒప్పుకుంటుందా అని అడగలేదు చూడండి. ఉద్యోగం వస్తుందా అని అడిగాడు. రొమాన్స్ యానిమే, మాంగా అస్సలు ఊహించని మనుషుల్ని ఎందుకు కట్టిపడేస్తాయో నాకు ఆ ప్రశ్నతోనే అర్థమైంది.

రోనిన్ అంటే లాంగ్‌టర్మ్ బ్యాచే

ఆ పుస్తకం పేరు 'మెజోన్ ఇక్కోకు'. రచయిత్రి రుమికో తకహాషి. 1980 నుంచి 1987 దాకా జపాన్‌లో సీరియల్‌గా వచ్చింది. హీరో పేరు గొదాయ్. టోక్యోలో ఓ పాత అద్దె ఇంట్లో ఉంటాడు. యూనివర్సిటీ ఎంట్రన్స్ తప్పి, మళ్లీ రాయడానికి కూర్చున్నవాడు. అలాంటివాళ్లని అక్కడ 'రోనిన్' అంటారు. పాతకాలంలో యజమాని లేని సమురాయ్‌కి ఉన్న పేరది. మన మాటల్లో చెప్పాలంటే లాంగ్‌టర్మ్ బ్యాచ్. ఆ ఇంటి బాగోగులు చూసే మేనేజర్‌గా క్యోకో అనే యువతి వస్తుంది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. గొదాయ్‌కి ఆమె మీద చూసీ చూడగానే ఇష్టం కలుగుతుంది. ఆ ఇష్టం పెళ్లిదాకా రావడానికి పదిహేను సంపుటాలు పడుతుంది.

ఈలోపు అతనికి ఏం జరగాలో అన్నీ జరుగుతాయి. ఎంట్రన్స్ గట్టెక్కుతాడు, కానీ సీటొచ్చింది పెద్ద పేరున్న యూనివర్సిటీలో కాదు. ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతాడు. ఉద్యోగం ఖాయమైంది అనుకునేసరికి ఆ కంపెనీ దివాలా తీస్తుంది. పసిపిల్లల్ని చూసుకునే కేంద్రంలో పార్ట్‌టైమ్‌గా చేరితే, అక్కడా మనుషుల్ని తగ్గించేస్తారు. క్యాబరేలో పనిచేసే ఆడవాళ్ల పిల్లల్ని చూసుకుంటూ కొన్నాళ్లు గడుపుతాడు. చివరికి పిల్లల సంరక్షణకి కావలసిన పరీక్ష పాసై, తనకి నచ్చిన పనిలోనే కుదురుకుంటాడు.

నిజం చెప్పాలంటే, ఇందులో కూడా పెళ్లికి ముందు ఉద్యోగం రావాల్సిందే. ఉద్యోగం లేకపోయినా పర్లేదు, ప్రేమే చాలు అని ఈ కథ తియ్యటి మాటలేం చెప్పదు. తేడా ఒక్కటే. ఉద్యోగం రాని ఆ ఏళ్లని కథలోంచి కోసేయదు. మన ఇళ్లలో ఏమంటారు? "ముందు సెటిల్ అవ్వు, తర్వాత చూద్దాం." సెటిల్ అయ్యేదాకా ఆ కుర్రాడు మనిషే కానట్టు, ఆ నాలుగేళ్లో ఐదేళ్లో లెక్కలోకి రానట్టు. గొదాయ్ కథ మొత్తం ఆ లెక్కలోకి రాని ఏళ్లలోనే నడుస్తుంది. వాటిలోనే నవ్వులు, తగాదాలు, అప్పులు, జ్వరాలు, ఓ మనిషి కోసం ఎదురుచూపులు. మా అన్నకి కనిపించింది అదే. తన గది లాంటి గదిలో, తన లాంటివాడు హీరోగా ఉన్నాడు.

ముద్ర పత్రికకే, పాఠకుడికి కాదు

"ఆడపిల్లల బొమ్మలు" అన్న మాట దగ్గరికి వద్దాం. జపాన్‌లో మాంగా పత్రికలకి పాఠకుల వర్గాలుంటాయి. అమ్మాయిలకి 'షోజో', అబ్బాయిలకి 'షోనెన్', యువకులకి 'సేనెన్', పెద్దయిన ఆడవాళ్లకి 'జోసే'. చాలామంది వీటిని కథల రకాలనుకుంటారు. కావు. ఆ పత్రిక ఎవర్ని ఉద్దేశించి అమ్ముతున్నారో చెప్పే పేర్లు అంతే. 'మెజోన్ ఇక్కోకు' వచ్చిన 'బిగ్ కామిక్ స్పిరిట్స్' యువకుల పత్రిక. అంటే మా అన్న ఆడపిల్లలదని నవ్విన కథ మొదట్నుంచీ ఆయన లాంటివాళ్ల కోసం రాసిందే! ఈ మధ్య బాగా పేరొచ్చిన 'కగుయా-సామా: లవ్ ఈజ్ వార్' కూడా అంతే. 2015లో మొదలై 2022లో ముగిసిన ఈ కథ ఎక్కువ భాగం 'వీక్లీ యంగ్ జంప్' అనే యువకుల పత్రికలోనే వచ్చింది.

అలాగని అమ్మాయిల పత్రికల్ని పక్కన పెట్టేయడానికి లేదు. అసలు మనసులో మాటని బొమ్మల్లో చూపించే విద్య బాగా సానదేలింది అక్కడే. 1970లలో మోటో హగియో, కెయికో తకేమియా లాంటి రచయిత్రులు మాటల బుడగల్లోంచి ఆలోచనని బయటికి తెచ్చారు. పేజీ మీద గళ్ల గీతలు చెరిగిపోతాయి, ఒక ముఖం పేజీ అంతా పరుచుకుంటుంది, పక్కనే పాత్ర పైకి అనలేని వాక్యం ఒకటి తేలుతుంటుంది. ఆ పద్ధతిని తర్వాత అబ్బాయిల కథలు కూడా అందిపుచ్చుకున్నాయి. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్ నవల అంటే బెదిరే మా అన్న లాంటివాడికి ఇదొక వరం. వాక్యం చిన్నది, బరువంతా ముఖం మోస్తుంది. డిక్షనరీ వెతక్కుండానే గుండె పట్టేసిన సంగతి తెలుస్తుంది.

చెప్పేముందు ఉండే తడబాటు

జపాన్ ప్రేమకథల్లో 'కొకుహకు' అని ఒకటుంది. నువ్వంటే నాకిష్టం అని ఎదురుగా నిలబడి, నోటితో స్పష్టంగా చెప్పడం. మామూలుగా అక్కడ ఇద్దరి మధ్య సంబంధం మొదలయ్యేది ఆ మాటతోనే. చెప్పాక అవతలివాళ్లు ఔనంటే ఔను, కాదంటే కాదు. అందుకే కథ అంతా ఆ మాటకి ముందు తడబాటులో ఉంటుంది. 'కగుయా-సామా'లో ఇద్దరూ బాగా చదివే విద్యార్థులే. ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ ముందు చెప్పినవాళ్లు ఓడిపోయినట్టని ఇద్దరికీ పంతం. సినిమా టికెట్లు, గొడుగు, మెసేజ్‌కి జవాబు... ప్రతిదీ ఓ యుద్ధం. నవ్వీ నవ్వీ అలిసిపోయాక తట్టేదేంటంటే, అది పొగరు కాదు, భయం. కాదంటే ఏమైపోతానో అన్న భయం.

మన సినిమాల్లో హీరోకి ఆ భయం ఉన్నా, ఎక్కువసార్లు పాటలోనో ఫైట్‌లోనో కొట్టుకుపోతుంది. అమ్మాయి కాదన్నా వెంటపడితే ఎప్పటికైనా ఔనంటుందని చూపించిన కథలు ఎన్ని చూశాం! బయట అబ్బాయికి ఆ భయం గురించి మాట్లాడుకునే చోటే ఉండదు. గదిలో నలుగురి మధ్య చెబితే ఆటపట్టిస్తారు. ఇంట్లో చెప్పే ముచ్చటే లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సబ్‌టైటిల్స్ చూస్తూ, ఒక్కడే ఉన్నప్పుడు మాత్రం ఎవరూ చూడరు కదా. ఈ కథలు మగపిల్లల్ని పట్టుకునేది అక్కడే అని నా నమ్మకం.

జీతం, ఇంటిపని, ఇంటర్వ్యూ

ఇంకో సంగతి. ఈ కథల్లో బతుకుతెరువు వెనకాల తెరలా వేలాడదు. ప్రేమతో కలిసే నడుస్తుంది. త్సునామి ఉమినో రాసిన 'నిగెహజి' తీసుకోండి. 2016లో టీవీ సీరియల్‌గా వచ్చి జపాన్‌ని ఊపేసిన కథ. హీరోయిన్ పీజీ చదివి కూడా పర్మినెంట్ ఉద్యోగం దొరక్క, ఓ ఒంటరి ఐటీ ఉద్యోగి ఇంట్లో పనికి కుదురుతుంది. తర్వాత ఇద్దరూ కాంట్రాక్ట్ రాసుకుని పెళ్లి చేసుకుంటారు. ఇంటిపనికి జీతం, పనిగంటలు అన్నీ కాగితం మీదే. తీరా అతను నిజంగానే ప్రేమించి పెళ్లి మాటెత్తితే ఆమె సంతోషించి ఊరుకోదు. ఇన్నాళ్లు జీతం ఇచ్చిన పనిని ఇకనుంచి ప్రేమ పేరుతో ఊరికే చేయించుకుంటావా అని నిలదీస్తుంది. ఈ ప్రశ్న మన ఇళ్లలో అమ్మలెవరైనా అడిగారా? అడిగితే మన దగ్గర జవాబుందా?

'స్కిప్ అండ్ లోఫర్' ఇంకో తరహా. మిత్సుమి అనే పల్లెటూరి అమ్మాయి హైస్కూల్ చదువుకి టోక్యో వస్తుంది. పెద్ద యూనివర్సిటీలో చదవాలి, ప్రభుత్వ అధికారి కావాలి, జనం వెళ్లిపోయి ఖాళీ అవుతున్న తన ఊరికి ఏదైనా చేయాలి. ఇదీ ఆమె ప్లాన్. మొదటిరోజే రైళ్ల మధ్య దారి తప్పుతుంది! ఊరి నుంచి కోచింగ్‌కి వచ్చి సిటీ బస్ నంబర్లు తెలీక బిక్కమొహం వేసిన ఎవరికైనా ఆ అమ్మాయి పరిచయస్తురాలే. మకోటో షింకాయ్ తీసిన 'యువర్ నేమ్'ని అందరూ తోకచుక్క కథగా గుర్తుపెట్టుకుంటారు. చివర్లో హీరో టై కట్టుకుని, ఇంటర్వ్యూల్లో తడబడుతూ తిరిగే భాగం నాకు అంతకన్నా గుర్తు. ఆ దర్శకుడి తర్వాతి సినిమా 'వెదరింగ్ విత్ యూ'ని ఇక్కడ కూడా విడుదల చేయండని భారతీయ అభిమానులు ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు. 2019 అక్టోబర్‌లో మన థియేటర్లకి తెప్పించుకున్నారు. ఓ జపాన్ ప్రేమకథ కోసం ఇక్కడ అంతమంది ముందుకొస్తారని ఎవరనుకున్నారు?

మన దగ్గరా జరిగిందిది

ఇదేదో జపాన్‌కే పరిమితమైన వింత కాదు. యద్దనపూడి సులోచనారాణి నవలలు వారపత్రికల్లో, మాసపత్రికల్లో సీరియళ్లుగా వస్తున్న కాలంలో అవి ఆడవాళ్ల నవలలనే పేరు పడ్డాయి. అయినా అక్క కన్నా ముందు పత్రిక తెరిచి, చదివేసి, ఏమీ ఎరగనట్టు టేబుల్ మీద పెట్టేసిన తమ్ముళ్లు లేరా? మా మేనమామ ఈ వయసులో కూడా ఆ సంగతి నవ్వుతూ ఒప్పుకుంటాడు. కాకపోతే 'సెక్రటరీ'లో రాజశేఖరం అప్పటికే డబ్బున్నవాడు, సెటిలైనవాడు. చదివే కుర్రాడు అతనిలా అవ్వాలని కలగనాలి. గొదాయ్‌ని చూసి కలగనక్కర్లేదు. తనని తాను గుర్తుపడితే చాలు. రెండూ ఆనందాలే గానీ, నాలుగో అటెంప్ట్‌లో ఉన్నవాడికి రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

తప్పుల్లేవని కాదు

ఈ కథలన్నీ మంచివని సర్టిఫికెట్ ఇవ్వట్లేదు. చాలావాటిలో అమ్మాయి మనసు కన్నా ఒంటి మీదే చూపు ఎక్కువ. గోడకి ఆనించి బలవంతంగా మాట్లాడటమే మగతనమన్నట్టు చూపించేవీ ఉన్నాయి. ఎంతకీ స్కూల్ దాటని కథలు కుప్పలు. 'మెజోన్ ఇక్కోకు' యానిమే 96 ఎపిసోడ్లు. పరీక్ష నెలరోజుల్లో ఉందనగా మొదలెడితే నష్టం మీదే, నన్ననకండి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తడబాటు చూసి చూసి, తడబాటే బాగుందని అక్కడే ఉండిపోవడం. బొమ్మల్లో క్యోకో ఎదురుచూస్తుంది. బయట ఎవరూ పదిహేను సంపుటాలు ఎదురుచూడరు.

అయినా ఈ పేజీ చదివే మీలో చాలామంది రిజల్ట్‌కీ నోటిఫికేషన్‌కీ మధ్య ఉన్నవాళ్లే కాబట్టి ఒక్కమాట. ఆ మధ్యకాలం కూడా మీ జీవితమే. అందులో ఉన్న స్నేహం, ఇష్టం, సిగ్గు, భయం అన్నీ నిజమైనవే. ఉద్యోగం వచ్చాక మొదలుపెడదామని వాటిని పెట్టెలో పెట్టి తాళం వేస్తే, తెరిచేనాటికి తాళంచెవి ఎక్కడ పెట్టామో గుర్తుండదు. వారానికి గంట, రెండు గంటలు ఇలాంటి కథకి ఇవ్వడం టైం వేస్ట్ అని నేననుకోను. 'ఇదంతా అమ్మాయిలది' అనుకునే అబ్బాయిలైతే తప్పకుండా ఒకటి చదవండి.

మా అన్నకి గ్రూప్-2 రాలేదు. గ్రూప్-4లో జూనియర్ అసిస్టెంట్ వచ్చింది. పోయిన వేసవిలో పెళ్లిచూపులకి వెళ్లొచ్చి ఫోన్ చేశాడు. పెద్దవాళ్లు పక్కకి వెళ్లి ఐదు నిమిషాలు మాట్లాడుకోమన్నారట. "ఏం మాట్లాడినవ్ అన్నా?" అన్నాను. "ఉన్నదున్నట్టు చెప్పిన. మూడుసార్లు ఫెయిలైన అని, రెండు లక్షల అప్పుందని, నువ్వు నచ్చినవని. నీకు నచ్చకుంటే మొహమాటపడకు, నేనే ఇంట్లో చెప్తనని కూడా చెప్పిన" అన్నాడు.

ఇదంతా మాంగా వల్లే అని నేను అనను. ఇరవై తొమ్మిదేళ్ల దాకా ఎవరితోనూ మనసు విప్పని మనిషి, ఐదు నిమిషాల్లో అంత చెప్పాడు. ఆ అమ్మాయి ఏమందని అడిగాను. వారం టైం అడిగిందట. "పర్వాలేదు తమ్మీ, ఆగుడు మనకు కొత్తనా?" అన్నాడు.