ఒక్క చేతి గడియారము చాలును

వస్తువులు పెరిగినకొలది వానియందు మనకు గల మమత తరుగుచుండుట లోకానుభవము. పనికొకటి, పెండ్లికొకటి, ఆటకొకటి చొప్పున చేతి గడియారములను కూర్చుకొనువారు నేడు కలరు. వారిని ఆక్షేపించుట ఈ వ్యాసోద్దేశము కాదు. పరిమితమైన పరిమాణము గలిగి, కీ ఇచ్చిన నడచునట్టి గడియారమొక్కటి నిత్యధారణమునకు, విశేషించి ఉపాధ్యాయునకును విద్యార్థికిని, చాలునని మాత్రమే నా మనవి.

అట్టి గడియారమెట్లుండునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. కేంద్రప్రభుత్వ సంస్థయైన హెచ్.ఎం.టి., జపానునందలి సిటిజన్ సంస్థ సహకారముతో, 1961లో బెంగుళూరునందు గడియారముల కర్మాగారమును నెలకొల్పెను. అచ్చటి 'జనతా' గడియారము మన పెద్దలలో ఎందరి మణికట్టులపై నడచెనో లెక్కలేదు. దాని వెడల్పు సుమారు 35 మిల్లీమీటర్లు. ముఖమున ఆడంబరము లేదు. ముండ్లు స్పష్టముగా కనబడును. చొక్కా చేతిక్రింద ఇముడును, నల్లబల్లపై వ్రాయునపుడు అడ్డురాదు. పట్టీ మార్చినచో బడికి పెట్టుకొన్నదే పెండ్లికిని తగియుండును.

దాని లోపలి పనితీరు విద్యార్థులకు మంచి పాఠము. కీ ఇచ్చినపుడు ఒక సన్నని ఉక్కుపట్టీ చుట్టుకొని శక్తిని నిలువచేసికొనును. ఆ శక్తి ఒక్కమారుగా వెలువడక, పండ్లచక్రముల ద్వారా కొండివంటి యొక చిన్న మీటను చేరి, కొంచెము కొంచెముగా విడుదలయగును. తలవెండ్రుకవంటి స్ప్రింగుతో కూడిన చక్రమొకటి ఇటునటు ఊగుచు ఆ విడుదలను క్రమపరచును. 1675లో హాలండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్సు ఈ స్ప్రింగును ప్రకటించిన పిదపనే జేబు గడియారములు నమ్మదగినవైనవి. 'జనతా'లోని చక్రము సెకనునకు 5 మార్లు, అనగా దినమునకు 4,32,000 మార్లు కదలును. కలియుగ ప్రమాణముగా మన పురాణములు చెప్పు సంవత్సరముల సంఖ్యయు అదియే. ముఖముపై వ్రాసియుండు 17 జ్యూవెల్సు అలంకారపు రత్నములు కావు. ఒరపిడిని తగ్గించుటకై అమర్చిన కృత్రిమపు కెంపులు.

క్వార్ట్‌జు గడియారము ఇంతకంటె సరిగా నడచునుగదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. 1969లో జపాను సైకో సంస్థ తొలి క్వార్ట్‌జు చేతి గడియారమును విక్రయమునకు పెట్టిన నాటినుండి కీ గడియారము ఆ విషయమున దానికి సాటిరాదు. కాని మనకు కావలసిన ఖచ్చితత్వమెంత? చక్కగా సరిచేసిన కీ గడియారము దినమునకు 20 సెకనులు తప్పినదనుకొందము. మన పెద్దల లెక్కలో ఘడియ 24 నిమిషములు, విఘడియ 24 సెకనులు. ఆ తేడా విఘడియకైనను చాలదు. బడిగంటకును రైలుబండికిని దానివలన చిక్కులేదు. వారమునకొకసారి ముల్లు సరిదిద్దుకొన్న సరిపోవును.

సెల్‌ఫోను ఉండగా గడియారమేల యనుట రెండవ ఆక్షేపణ. ఇది మరింత ఆలోచింపదగినది. వేళ తెలిసికొనుటకు ఫోను తీసినవాడు వేళతో ఆగడు. సందేశములును వార్తలును వాని కన్నులను పట్టి నిలుపును. మరల జేబులో పెట్టుసరికి తానెందుకు తీసెనో మరచియుండును. మణికట్టు చూచుకొనుటకు క్షణము చాలును. పాఠము నడుమ ఉపాధ్యాయుడు ఫోను తీసినచో తరగతిలోని కన్నులన్నియు దానిపైననే నిలుచును. ఫోను వలదని పిల్లలకు చెప్పు నోటికి ఆ పిమ్మట బలముండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరమ్మతు. కీ గడియారము ఆగినచో విప్పి, శుభ్రపరచి, నూనెవేసి, అరిగిన భాగమును మార్చి మరల నడిపింపవచ్చును. అందుచేతనే తాత గడియారము మనుమని చేతికి రాగలుగుచున్నది. కాని హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. బజారు మూలల కంటికి భూతద్దము తగిలించుకొని కూర్చుండు పనివారును తగ్గిపోవుచున్నారు. పని లేనిచో పనితనము నిలువదు.

పాతవని అమ్మజూపు వానిలో ముఖమునకు కొత్తరంగు పూసి, వేర్వేరు గడియారముల భాగములు కూర్చినవి అనేకము. కావున కొనదలచినవారు తెలిసిన పనివానికి చూపి కొనుట మేలు. ఇంటి పెట్టెలో ఆగిపోయిన గడియారమున్నవారు కొననే అక్కరలేదు. దానిని పనివానియొద్దకు తీసికొనిపోయి, మరమ్మతగుచుండగా పిల్లలను ప్రక్కన నిలువబెట్టి చూపుడు. గడియారమునకు నడక వచ్చును, పనివానికి కూలి దొరకును, పిల్లలకు పాఠ్యపుస్తకమున లేని పాఠమొకటి లభించును.