కాంట్రాక్ట్ రెప్ నౌకరీ: ఫైదా ఎంత, నుక్సాన్ ఎంత?

మన కోనసీమలో డిగ్రీ అయిన కుర్రాళ్లకు గల్ఫ్ వెళ్లకుండా దొరికే నౌకరీల్లో మెడికల్ రెప్ పని ఒకటి. కొన్ని మందుల కంపెనీలు సొంతంగా తీసుకోకుండా, ఏజెన్సీ ద్వారా ఏడాది కాంట్రాక్ట్ మీద పెట్టుకుంటున్నాయి.

ఫైదా ఉంది, కాదనను. అనుభవం లేని కుర్రాడికి తలుపు తెరుచుకుంటుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట తిరిగితే డాక్టర్ల ముందు జబాన్ పదునెక్కుతుంది. రాత్రికి ఇంటికొచ్చి అమ్మీ చేతి అన్నం తినొచ్చు.

నుక్సాన్ ఎక్కడంటే, టార్గెట్ కంపెనీది, తన్ఖా ఏజెన్సీది. గోదావరి వరదకు లంకల కాజ్‌వేలు మునిగినా టార్గెట్ అడుగుతారు. పెట్రోల్ డబ్బులు ఆగితే ఒకరి మీద ఒకరు చెబుతారు. గడువు తీరాక ఇద్దరూ మనవాళ్లు కారు.

అందుకే నా రాయ్ ఇది: కాంట్రాక్ట్ అని భయపడొద్దు, కాగితం లేకుండా మాత్రం బండి తీయొద్దు. మెడికల్ రెప్‌లకు నియామక పత్రం ఇవ్వాలన్న చట్టం 1976లోనే వచ్చింది. గడువు పెట్టుకున్న అప్పును రాసుకోమని సూరె బఖరా 282వ ఆయత్ చెబుతుంది. అలాంటప్పుడు నోటి వాదా మీద ఏడాది మెహనత్ ఎలా పెడతాం? తన్ఖా, పీఎఫ్, పెట్రోల్ ఖర్చు ఎవరిస్తారో రాయించుకోండి. డాక్టర్లకు కానుకలు పంచమంటే ఒప్పుకోవద్దు; 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన నియమావళి వాటిని వద్దంది. పట్టుబడితే ముందు పోయేది కాంట్రాక్ట్ కుర్రాడి నౌకరీయే.

అమ్మీ అబ్బాలూ, 'పర్మనెంటేనా?' అని అడిగే ముందు 'కాగితంలో ఏం రాశారు బేటా?' అని అడగండి.