ఇనుపమాత్రకు లొంగని రక్తహీనత

లోతుకుంటనుండి మచ్చబొల్లారము వఱకు ఏ బస్తీలోనైనను గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో, ‘నెత్తురు తక్కువున్నది’ అని చెప్పి ఐరన్ మాత్రలు చేతికిచ్చుటతో మన వైద్యవ్యవస్థ తన ధర్మము తీరినదని తలంచుచున్నది. ఆ మాత్రను నేను తక్కువచేసి చెప్పను. 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57.6 మంది రక్తహీనులని ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన తెలంగాణలో అది అన్నమంత యవసరము. అందు ఇనుముతో కలిసియుండు ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా సృష్టించిన శాస్త్రజ్ఞులకు మార్గదర్శి భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావే.

అయినను రక్తహీనత వ్యాధి కాదు, వ్యాధిలక్షణము. ఇనుము చాలకున్నను, కొంకిపురుగులు కడుపున చేరినను, బి12 లోపించినను, తల్లిదండ్రులలో నొకరినుండి థలసీమియా జన్యువు సంక్రమించినను కలుగునది రక్తహీనతయే. ఈ కడపటిదానిలో ఎఱ్ఱకణములు ఇనుము లోపించినవారి కణములవలెనే చిన్నవై యుండును గనుక రక్తకణముల లెక్కయగు సీబీసీ కాగితమును చూచినంతమాత్రమున భేదము తేలదు; హెచ్‌బీఏ2 అను హిమోగ్లోబిన్ రకమునకు పరీక్ష చేసి, మొత్తము హిమోగ్లోబిన్‌లో దాని పాలు నూటికి 3.5ను మించినదా యని చూడవలెను. జన్యువును మోయు స్త్రీకి జీవితాంతము ఏ బాధయు లేకపోవచ్చును. కాని భర్తయు వాహకుడైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు తీవ్రరూపమగు థలసీమియా మేజర్ వచ్చు అవకాశము నాలుగింట నొకటి. అట్టి బిడ్డకు రెండు మొదలు నాలుగు వారములకొకసారి పరుల రక్తమెక్కింపవలెను. ఆ రక్తములోని ఇనుము గుండెలోను కాలేయములోను పేరుకొనకుండ వేఱు మందులు వాడవలెను. తల్లికి ఇనుము చాలదని మాత్రలిచ్చిన యింటనే బిడ్డకు ఇనుము విషమగుటకంటె హృదయవిదారకమైన దేమున్నది?

హైదరాబాదున 1998లో ఏర్పడిన థలసీమియా, సికిల్ సెల్ సొసైటీలో రక్తమెక్కించుకొను పసివారిని చూచినవారెవరును హెచ్‌బీఏ2 పరీక్షకగు వ్యయమును గూర్చి వాదింపరు.

అల్వాలులో 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగిన టిమ్స్ వంటి పెద్దాసుపత్రులు కావలసినవే. కాని ఈ పరీక్ష వానికొఱకు వేచియుండరాదు. గర్భము తెలిసిన తొలినెలలలో, బస్తీ దవాఖానాలో సీబీసీకై తీసిన నెత్తురునే హెచ్‌బీఏ2కును పంపవలెను. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రములకు నమూనాలు పోవు ఏర్పాటున్నది గదా! భార్యకు హెచ్‌బీఏ2 పాలు హెచ్చినచో ఆ వారమే భర్తను పిలిపింపవలెను. మగవాడు దవాఖానాకు రాడను మాటను నేనంగీకరింపను. బిడ్డ యతనిది కూడ. కూలి పోవునని జంకువానికొఱకు సాయంకాలములందును ఆదివారములందును నమూనాలు తీసికొనవలెను.