అందరి పాట ఎవరి ఖాతాలోకి?

మంచాలలో సద్దుల బతుకమ్మ నాడు మా మేనత్తా, వాడకట్టు ఆడవాళ్లూ చప్పట్లు కొడుతూ పాడుతుంటే ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టాను. తెల్లారేసరికి నోటీసు. ఆ పాట ఒక మ్యూజిక్ కంపెనీదట. వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బూ వాళ్లదేనట. మేనత్తకు చదివి వినిపిస్తే నవ్వింది. "మా అమ్మ పాడంగ నేర్సుకున్న బిడ్డా. గా కంపినోడు అప్పటికి పుట్టిండా?"

ఆ ప్రశ్నకు యంత్రం దగ్గర జవాబు లేదు. 2007 నుంచి యూట్యూబ్ వాడుతున్న కంటెంట్ ఐడీ తన దగ్గర నమోదైన ఆడియోతో మన వీడియోను పోలుస్తుంది. బాణీ కలిసినా పట్టుకుంటుంది. అది ఎవరి నోట పుట్టిందో దానికి అక్కర్లేదు. మనం అభ్యంతరం చెబితే మొదట పరిశీలించేది కూడా హక్కు నాదన్న ఆ కంపెనీయే. ఫిర్యాదుదారే తీర్పరి!

చట్టం ఇంత గుడ్డిది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసినవారి హక్కు వారి మరణానంతరం 60 ఏళ్లతో తీరిపోతుంది. తరాల కిందటి, పేరు తెలియని మన అమ్మమ్మల పాటకు తాళం లేదు. స్టూడియోలో దాన్ని రికార్డు చేసిన కంపెనీకి ఆ రికార్డింగ్ మీదే హక్కు, పాట మీద కాదు. పైగా 2012 సవరణ పాడినవారికి తమ పేరు వేయమని అడిగే హక్కునిచ్చింది. మరి మా మేనత్త పేరు ఎక్కడ?

"జానపదం ఎవరిదీ కాదు" అనే మాటను నేను అనుమానిస్తాను. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలోని 'సారంగ దరియా' చుట్టూ రేగిన వివాదం మనకు గుర్తుంది. ఆ జానపదాన్ని తాను సేకరించి టీవీలో పాడానని గాయని కోమలి అన్నారు. అది ప్రజల పాట అని సినిమాకు రాసిన సుద్దాల అశోక్ తేజ అన్నారు. ప్రజలదే, కాదనను. కానీ సినిమాలోకి వెళ్లిన పాటకు హక్కుదారు పుట్టుకొస్తాడు. తీసుకునేటప్పుడు అందరిదీ, అమ్మేటప్పుడు ఒక్కరిదీ ఎలా అవుతుంది?

అలాగని కంపెనీలను తిట్టి చేతులు దులుపుకుంటే నా తప్పు దాగదు. ఆ పాడినవాళ్లలో ఒకామె భర్త చనిపోయి ఏడాది తిరగలేదు. వీడియో చూసి అత్తింటివాళ్లు "అప్పుడే ఆటలా?" అని నిలదీశారు. ఆమె నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది: "నా మొగం లోకానికి సూపెట్టేముందు నన్నడగొద్దా అక్కా?" ఆమె ఆడటం తప్పని నేను ఒప్పుకోను. అయితే ఆ పోరాటం ఎప్పుడు, ఎవరి ముందు చేయాలో నిర్ణయించుకోవాల్సింది ఆమె. సృజన స్వేచ్ఛ, పంచుకునే స్వేచ్ఛ అని నేను గొప్పగా చెప్పుకున్నదంతా ఫోన్ పట్టుకున్న నా స్వేచ్ఛే. కంపెనీ నోటీసుకు తీయని వీడియోను ఆమె మాటకు తీసేశాను.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు ఈ సంగతి ఎప్పుడో తేల్చారు. బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్ రైతుల గోడును 2003 నాటికే సినిమా తీసినవాళ్లు వాళ్లు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే 'పటేల్ షాట్', కంటికి కన్నుగా చూస్తే 'సంఘం షాట్' అన్నారు. అడగకుండా తీసిన నా వీడియో ఏ షాటో వేరే చెప్పాలా?

పంచుకోవడాన్ని మనం వదులుకోవద్దు. మన పాటలు బతికిందే పంచుకోవడం వల్ల. కానీ పాడినవాళ్లను అడిగాక తీద్దాం. వద్దంటే ఆపుదాం. ఒప్పుకుంటే, వాళ్లు చెప్పిన పేర్లు వీడియో కింద రాద్దాం. అది మాదని ఎవరైనా నోటీసు పంపితే ప్రతిసారీ అభ్యంతరం పెడదాం, విసుగొచ్చినా సరే. ఈ పని సేకర్తలు, పరిశోధకులు, సినిమావాళ్లు కూడా చేయాలి. మన విశ్వవిద్యాలయాల్లో జానపదం మీద పట్టాలు పొందిన సిద్ధాంత గ్రంథాలు తిరగేయండి. పాడినామెకు పేరుందా, లేక 'ఒక వృద్ధ స్త్రీ' అని ఉందా?