తొక్కలో చక్కెర

జులైలో కృష్ణగిరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వెనక గోడ దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా? ముక్కు మూసుకుని పారిపోకండి. ఆ తొక్కల గుట్ట మీంచి లేచే పుల్లటి వాసన ఈస్టుది. మనం పారేసిన చక్కెరను అది తింటోంది.

2025 వేసవిలో తోతాపురి కిలో ఐదారు రూపాయలకు పడిపోయింది. కోత కూలీ, బండి బాడుగ పోతే రైతు చేతిలో మిగిలింది మన్ను. సరిహద్దు అవతల చిత్తూరులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలని లెక్క కట్టారు. ఆ పూటకు మంట ఆరింది. కాయ విరగకాసిన మరో ఏడు వస్తే మళ్లీ రాజుకుంటుంది. ఏటా మామిడి ప్రదర్శన పెట్టి, పళ్లతో బొమ్మలు పేర్చి, వాటి పక్కన ఫొటోలు దిగే పెద్దలారా, మీకు సిగ్గు లేదా?

ఇప్పుడు హోసూరులో ఏ సూపర్ మార్కెట్‌కైనా పదండి. ‘స్టీవియా’ అని పచ్చటి ఆకు బొమ్మ వేసిన డబ్బా తీసి, వెనక్కి తిప్పి, చీమల బారులాంటి అక్షరాలు చదవండి. చాలా డబ్బాల్లో ముప్పాతిక పైగా ఉండేది ఎరిత్రిటాల్. అది ఆ ఆకులోంచి రాలేదు. ఈస్టు తొట్టిలోంచి వచ్చింది. చక్కెర ఆల్కహాల్ అంటారు గానీ మత్తెక్కించదు. తీపి చక్కెరలో 60, 70 శాతం, గ్రాముకు 0.2 కెలోరీ. 1848లో జాన్ స్టెన్‌హౌస్ దాన్ని కనిపెట్టాడు, 1990లో జపాన్ బజారుకు తెచ్చింది. చైనా సరుకు తాకిడికి తట్టుకోలేక యూరప్ 2025 జనవరిలో సుంకం గోడ కట్టుకుంది.

పని చేసే తీరు వినండి. యారోవియా, మొనిలియెల్లా లాంటి ఈస్టులను చిక్కటి గ్లూకోజు పాకంలో వదులుతారు. పాకం వాటి ఒంట్లోని నీటిని లాగేస్తుంటే, ప్రాణం నిలుపుకోవడానికి అవి ఎరిత్రిటాల్ తయారుచేసుకుంటాయి. ఈస్టును వడకట్టి, మిగిలిన ద్రవాన్ని శుద్ధిచేసి, ఇగిర్చి, చల్లార్చి పలుకు కట్టిస్తారు. 100 కిలోల గ్లూకోజుకు 40, 50 కిలోలు దిగుతుంది.

ఆ పాకం మన తొక్కల రసంతో కట్టొచ్చుగా అంటే, మామిడితో కుదరదనే పండితులు వెంటనే లేస్తారు. పండిన మామిడిలో ఎక్కువగా ఉండేది సుక్రోజు, దాన్ని విరగ్గొట్టే ఎంజైము యారోవియాకు పుట్టుకతో లేదు. నిజమే! ఇన్వర్టేజ్ వేసి విరగ్గొట్టండి, మిఠాయి ఫ్యాక్టరీలకు తెలిసిన విద్యే అది. సీజను మూడు నెలలే అంటారు. గుజ్జును డ్రమ్ముల్లో నింపి ఏడాది పొడవునా అమ్ముకునే మీకు, తొక్క పిండిన రసాన్ని పాకం కట్టి దాచడం చేతగాదా? ఖర్చు గిట్టదంటారు. ఒక్క తొట్టి పెట్టి లెక్క తీశారా? తీసి ఉంటే రైతు ముందు పరచండి. లేదంటే నోరు మూసుకోండి.

పక్క ధర్మపురి జిల్లాలో పాలక్కోడు చక్కెర మిల్లు ఉంది. చెరకు పిప్పిలోని జైలోజును కాండిడా ఈస్టు జైలిటాల్ అనే మరో చక్కెర ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆ పిప్పిని పొయ్యిలోకి తోసే ముందు ఈ మాట ఎవరైనా ఆలోచించారా?

1970ల్లో రాగి చేలున్న చోట సిప్కాట్ పారిశ్రామిక వాడ పెట్టిన హోసూరు మనది. ఇనుము పండని నేల మీద లారీలు, బైకులు చేశాం. మామిడి పండే నేల మీద మామిడి చక్కెరకు చేతులు రావా?

నేను ఎరిత్రిటాల్‌కు భజన చేయడం లేదు. రక్తంలో అది ఎక్కువున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023 ఫిబ్రవరిలో క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు నేచర్ మెడిసిన్‌లో రాశారు. మన ఒళ్లు కూడా దాన్ని కొంత తయారుచేసుకుంటుంది కాబట్టి నేరమంతా డబ్బాదేనని తేలలేదు. కానీ దేశంలో 10 కోట్లకు పైగా ఉన్న షుగరు రోగులకు ఆకు బొమ్మ చూపించి అమ్మేవాడు ఈ మాట ఎందుకు దాస్తున్నాడు? భయపడ్డ మనిషికి అబద్ధం అమ్మడం దొంగతనం. ఇక్కడ తయారుచేసినా సరే, ఈస్టు చేసిందని, ఇంతకు మించి తినొద్దని పెద్దక్షరాల్లో రాసే అమ్మాలి.

వచ్చే సీజనులో తొక్కల ట్రాక్టరు ఫ్యాక్టరీ గేటు దాటగానే నేను దాని వెనకే వెళ్తాను. ఏ చెరువు గట్టున దించుతున్నారో, ఎన్ని టన్నులో రాసుకుంటాను. మీరూ వస్తారా, ఇంట్లో కూర్చుని ఆకు బొమ్మ డబ్బాలోంచి కాఫీలో చెంచా వేసుకుంటారా?