నివురు గప్పిన నిప్పు

బాలలూ!

చలి ముదిరింది. లంబసింగి, చింతపల్లి ప్రాంతాలలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 0 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆదిలాబాదులోనూ చలి తక్కువేమీ కాదు. ఇలాంటి రోజుల్లో నిప్పు అందరికీ చుట్టంలా కనిపిస్తుంది. ఆ చుట్టం సంగతి ఒకటి చెబుతాను, వినండి.

నాకప్పుడు పదేళ్లు. రాత్రి భోజనాలయ్యాక మా బామ్మ కుంపటి ముందు కూచుని చేతులు కాచుకునేది. పడుకోబోయే ముందు, "ఒరేయ్, కుంపట్లో నీళ్లు పోసి, బూడిద దూరంగా పారబోసి రా" అనేది. ఒకనాడు నూతిదాకా వెళ్లి నీళ్లు తోడటానికి నాకు బద్ధకం వేసింది. కుంపట్లో తెల్లని బూడిద తప్ప మరేమీ కనిపించలేదు. ఆరిపోయిందిలే అనుకుని, పశువుల పాక పక్కనే కుమ్మరించి వచ్చి దుప్పటి ముసుగు పెట్టాను.

తెల్లవారుజామున కేకలు విని లేచేసరికి పాక మండుతున్నది. మా నాన్నగారు లోపలికి దూరి, పలుపు కోసి, లేగదూడను బయటికి తోలారు. దూడ బతికింది. ఆయన కుడిచెయ్యి కాలింది. బూడిద ఎవరు పోశారని ఆయన అడగలేదు. మూడోనాడు నేనే చెప్పాను. "నాకు తెలుసురా" అన్నారు, అంతే. ఆ మచ్చ ఆయన చేతిమీద చివరిదాకా ఉండిపోయింది.

ఆరిందనుకున్న నిప్పు ఎలా మండింది? మంటకు మూడు కావాలి: కాలే వస్తువు, వేడి, గాలిలోని ప్రాణవాయువు. బూడిద కప్పిన బొగ్గుకు గాలి కొద్దిగానే అందుతుంది. అందుచేత అది ఆరిపోక, నెమ్మదిగా కాలుతూ ఉంటుంది. పైగా బూడిద దాని వేడిని బయటికి పోనివ్వదు. గాలి వీచి బూడిద ఎగిరిందా, కమ్మరి తిత్తి ఊదినట్టే! అందుకే నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోయాలి.

కుంపటితో మరొక అపాయం ఉన్నది. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీ కాస్త తెరిచామన్న ధైర్యం చాలదు. పడకగదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోనే కూడదు.

"మా ఇంట్లో కరెంటు హీటరే ఉంది, మాస్టారూ!" అంటారా? దానికి బూడిద లేదు గాని, వేడి గుణం ఒకటే. పరుపులూ, దుప్పట్లూ, కర్టెన్లూ దానికి మూడడుగుల దూరంలో ఉండాలి. దానిమీద తడిబట్టలు ఆరవేయరాదు. పడుకునే ముందు ఆపి, ప్లగ్గు తీసివేయాలి.

భోగిమంట దగ్గర నూలుబట్టలే కట్టుకోండి. బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకండి. పరుగుతో గాలి తగిలి మంట పెరుగుతుంది. నేలమీద పడి దొర్లండి. కాలినచోట 20 నిమిషాలు చల్లని నీటిధార పట్టి, వైద్యుని దగ్గరికి వెళ్లాలి. ఇంటికి నిప్పంటుకుంటే ముందు అందరూ బయటికి రావాలి. ఆ తరువాత 101కి ఫోను చేయాలి.

ఈ రాత్రి మీకొక పని. పడుకునే ముందు అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని, ఇంట్లో నిప్పున్న చోట్లన్నీ ఒకసారి చూసి రండి. బద్ధకం వేస్తే మా లేగదూడను తలుచుకోండి.

మీ మాస్టారు